మళ్లీ బడి ఎప్పుడు తెరవాలి?

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, హాస్టల్ నిర్వాహకులకు ఒక పాఠం



కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయిపోయిన విషయం ఇప్పుడెందుకు అని మీరు అడగవచ్చు. మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో మన హైదరాబాదులోనే బయటపడింది. అమీర్‌పేటకు దగ్గరలోనే ఉన్న ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి అప్పుడు చికిత్సకు కేంద్రమైంది. పదకొండేళ్లు తిరగకముందే కరోనా వచ్చింది. ఇంకొకటి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చినప్పుడు బడి మూయడం ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది. తెరవడమే కష్టం. దాని గురించి భయం లేని రోజుల్లోనే ఆలోచించి పెట్టుకోవాలి.

ఈ పాఠం చదివిన తర్వాత మీరు మూడు విషయాలు తెలుసుకుంటారు: బడి మూసినప్పుడు ఏమి లాభం, ఏమి నష్టం; తెరిచే ముందు ఏ ప్రశ్నలు అడగాలి; తెరిచిన తర్వాత ఏ జాగ్రత్తలు తీసుకోవాలి.

1. మన దగ్గర ఏం జరిగింది?

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న తేలింది. మార్చి 14న రాష్ట్ర ప్రభుత్వం విద్యాసంస్థలు మూసివేస్తున్నట్లు ప్రకటించింది. మొదట చెప్పిన గడువు మార్చి 31. అంటే రెండు వారాలు. ఆ రెండు వారాలు ఎంత పొడవు సాగాయో చూడండి.

• 2020 జూన్ 8: పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. సుమారు 5 లక్షల 34 వేల మంది పరీక్షలు పూర్తి కాకుండానే ఉత్తీర్ణులయ్యారు.
• 2020 సెప్టెంబరు 1: టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు మొదలయ్యాయి.
• 2021 ఫిబ్రవరి 1: 9, 10 తరగతులు, కళాశాలలు తెరుచుకున్నాయి. తల్లిదండ్రుల అంగీకార పత్రం ఉంటేనే పిల్లలను రానిచ్చారు. ఫిబ్రవరి 24 నుంచి 6, 7, 8 తరగతులకు అనుమతి వచ్చింది.
• 2021 మార్చి 24: రెండో ఉధృతి మొదలవడంతో మళ్లీ అన్నీ మూతపడ్డాయి.
• 2021 సెప్టెంబరు 1: బడులు తెరిచారు. అయితే ముందురోజే హైకోర్టు జోక్యం చేసుకుని, పిల్లలను తప్పనిసరిగా రమ్మని ఒత్తిడి చేయవద్దని, గురుకులాలను, హాస్టళ్లను అప్పుడే తెరవవద్దని చెప్పింది.
• 2022 జనవరి: ఒమిక్రాన్ వచ్చింది. సంక్రాంతి సెలవులను నెలాఖరు వరకు పొడిగించారు. ఫిబ్రవరి 1న మళ్లీ తెరిచారు.

ఈ పట్టికలో ఒక విషయం గమనించండి. ఒకటి నుంచి ఐదు వరకు చదివే చిన్నపిల్లలు 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా, అంటే పదిహేడు నెలలకు పైగా, బడి మెట్టు ఎక్కలేదు. 2020 మార్చిలో ఒకటో తరగతిలో ఉన్న పాప తిరిగి గదిలో కూర్చునేసరికి మూడో తరగతికి వచ్చేసింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న పెద్ద తరగతులు, 2021 ఫిబ్రవరి 1న ప్రాథమిక తరగతులు తెరిచారు. రెండో ఉధృతిలో అక్కడా మూసివేసి 2021 ఆగస్టు 16న మళ్లీ తెరిచారు. ఒకే వ్యాధి, పక్కపక్క రాష్ట్రాలు, వేర్వేరు నిర్ణయాలు. దీన్ని బట్టి తెరవడమనేది వైరస్ ఒక్కటే నిర్ణయించే విషయం కాదని, మనుషులు తూకం వేసి తీసుకోవలసిన నిర్ణయమని అర్థమవుతుంది.

2. అమీర్‌పేట హాస్టళ్లు నేర్పిన పాఠం

అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట ప్రాంతాల్లో కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. 2020 మార్చిలో కోచింగ్ సెంటర్లు మూతపడ్డాయి. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మార్చి 25న హాస్టళ్లలో చాలా చోట్ల ఖాళీ చేయమన్నారు. వంటవాళ్లు రారు, కూరగాయలు దొరకవు, ఎవరికైనా జబ్బు వస్తే ఏం చేయాలి అన్నది నిర్వాహకుల భయం. వేలాది మంది యువతీయువకులు సొంత ఊళ్లకు వెళ్లే అనుమతి పత్రం కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. దూరం పాటించవలసిన రోజున భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. పత్రం పట్టుకుని బయలుదేరినవాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. ఆ తర్వాత హాస్టళ్లు ఖాళీ చేయించవద్దని ప్రభుత్వం గట్టిగా చెప్పింది.

ఇందులో ఎవరిని తప్పుపట్టాలి అన్నది మన పాఠం కాదు. మనం నేర్చుకోవలసింది ఇది: ఒక తలుపు మూస్తే లోపలి మనుషులు మాయమైపోరు. వాళ్లు ఇంకెక్కడికో వెళ్తారు. ఆ వెళ్లే చోటు ఇంతకంటే క్షేమమా అని మూసే ముందే అడగాలి. బడి పిల్లల విషయంలోనూ ఇదే ప్రశ్న. బడికి వెళ్లని బిడ్డ రోజంతా ఎక్కడ ఉంటాడు? ఎవరితో ఉంటాడు?

నూరేళ్ల కిందట ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా సమయంలో అమెరికాలో చాలా నగరాలు బడులు మూసేశాయి. న్యూయార్క్, షికాగో వంటి కొన్ని నగరాలు తెరిచే ఉంచాయి. ఇరుకు ఇళ్లలో కుక్కుకుని ఉండే పేద పిల్లలకు, గాలి వెలుతురు వచ్చే బడి గదే మేలని అక్కడి ఆరోగ్య అధికారులు భావించారు. రోజూ పిల్లలను పరీక్షించి, జబ్బు లక్షణాలు ఉన్నవారిని వేరుచేసేవారు. మన బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ, మక్తా బస్తీల్లో ఒకే గదిలో ఐదారుగురు ఉండే ఇళ్లను తలుచుకుంటే ఆ ఆలోచన మనకూ అందుతుంది.

3. మూస్తే లాభం ఏమిటి? నష్టం ఏమిటి?

లాభం లేదని చెప్పలేం. కొత్త వైరస్ గురించి ఏమీ తెలియని మొదటి వారాల్లో, ఆసుపత్రులు సిద్ధంగా లేని రోజుల్లో, మూసివేత సమయం సంపాదించి పెడుతుంది. పడకలు, ఆక్సిజన్, పరీక్షలు, మాస్కులు సమకూర్చుకోవడానికి ఆ సమయం పనికొస్తుంది. అయితే ఆ సమయాన్ని వాడుకోవాలి. ఊరికే గడిపితే లాభం కరిగిపోయి నష్టం మిగులుతుంది.

నష్టం మొదట చదువులో కనిపించింది. గ్రామీణ ప్రాంతాల్లో జరిగే 'అసర్' సర్వే ప్రకారం, తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 18.1 శాతం. 2022లో 5.2 శాతం. అంటే నూరుమందిలో ఐదుగురు. ఇది పల్లెల లెక్క. నగరంలో బస్తీ పిల్లల పరిస్థితి వేరుగా ఉంటుందనుకోవడానికి కారణం లేదు. ఇంట్లో ఒకే ఫోను, అది నాన్న పనికి తీసుకువెళ్తే పాఠం లేదు. అన్నకు, చెల్లికి ఒకే సమయంలో క్లాసు ఉంటే ఒకరికి లేదు.

రెండో నష్టం కడుపుకు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం చాలా మంది పిల్లలకు ఆ రోజు తినే మంచి భోజనం. మూడోది మనసుకు. తోటిపిల్లలు లేరు, ఆట లేదు, ఇంట్లో డబ్బు కష్టాలు, గొడవలు. నాలుగోది బడిపై బతికేవారికి. ప్రైవేటు ఉపాధ్యాయులు జీతాలు లేక కూలిపనులకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది.

జ్వరం వస్తే థర్మామీటరు చూపిస్తుంది. ఈ నష్టాలను చూపే థర్మామీటరు లేదు. అందుకే నిర్ణయం తీసుకునేటప్పుడు ఇవి తరచు లెక్కలోకి రావు.

4. చిన్నపిల్లలకు ప్రమాదం ఎంత?

కరోనా సోకిన పిల్లల్లో ఎక్కువమందికి స్వల్ప జ్వరం, దగ్గు, లేదా ఏ లక్షణమూ లేకుండానే తగ్గిపోయింది. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 60 దాటినవారికి, మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. కొద్దిమంది పిల్లల్లో మాత్రం వ్యాధి సోకిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత 'ఎంఐఎస్-సి' అనే తీవ్ర స్థితి వచ్చింది. వదలని జ్వరం, ఒంటిపై దద్దుర్లు, కళ్లు ఎర్రబడడం, కడుపునొప్పి, వాంతులు దాని గుర్తులు. ఇది అరుదు. కానీ గుర్తించడం ఆలస్యమైతే ప్రాణాపాయం.

భారత వైద్య పరిశోధన మండలి 2021 జూన్, జూలై నెలల్లో దేశమంతటా రక్తపరీక్షల సర్వే చేసింది. 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 ఏళ్లవారిలో 61.6 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి పోయినట్లు యాంటీబాడీలు కనిపించాయి. ఒక్కసారి ఆగి ఆలోచించండి. అప్పటికి దేశంలో చాలా చోట్ల ప్రాథమిక బడులు ఏడాదికి పైగా మూసే ఉన్నాయి. అయినా సగానికి మించి పిల్లలకు సోకింది. బడి మూసినంత మాత్రాన వైరస్ ఇంటి గడప దగ్గర ఆగలేదు. ఆ సర్వే వివరాలు చెబుతూ మండలి అధిపతి డాక్టర్ బలరాం భార్గవ, తెరిచేటట్లయితే ప్రాథమిక బడులతో మొదలుపెట్టడం మేలని, సిబ్బంది అందరికీ టీకా వేయాలని సూచించారు.

అయితే పిల్లలకు ఏమీ కాదు కాబట్టి ఎలాగైనా తెరిచేయవచ్చా? కాదు. ప్రతి వైరస్ ఒకేలా ఉండదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా పడుచువాళ్లను ఎక్కువగా బలి తీసుకుంది. 2009 ఆగస్టులో స్వైన్ ఫ్లూతో మన దేశంలో మొదట చనిపోయింది పుణెకు చెందిన 14 ఏళ్ల విద్యార్థిని. కాబట్టి కొత్త వ్యాధి వచ్చినప్పుడు మొదటి ప్రశ్న: ఇది ఏ వయసువారిని ఎక్కువగా పట్టుకుంటోంది? ఆ జవాబు మారితే నిర్ణయమూ మారాలి.

5. తెరిచే ముందు అడగవలసిన నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: మన ప్రాంతంలో వ్యాధి ఎంత ఉంది?

రాష్ట్రం మొత్తం లెక్క ఒక్కటే చూస్తే చాలదు. కేసుల సంఖ్య ఒక్కటే చూసినా చాలదు. పరీక్షలు తగ్గిస్తే కేసులూ తగ్గినట్లు కనిపిస్తాయి. నూరు పరీక్షల్లో ఎన్ని పాజిటివ్ అన్నది చూడాలి. ఉదాహరణకు 1,000 మందికి పరీక్ష చేస్తే 40 మందికి ఉందనుకోండి, పాజిటివిటీ రేటు 4 శాతం. 200 మందికే చేసి 30 మందికి ఉంటే, కేసులు తక్కువే అయినా రేటు 15 శాతం. అంటే కనబడనివి ఇంకా చాలా ఉన్నాయని అర్థం. ఈ రేటు రెండు వారాల పాటు 5 శాతం కంటే తక్కువ ఉంటే వ్యాధి అదుపులో ఉన్నట్లు భావించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో సూచించింది.

మన నగరానికి ఇంకో వరం ఉంది. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2020లో మురుగునీటిని పరీక్షించి, నగరంలో సుమారు 6 లక్షల 60 వేల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటి అధికారిక లెక్క దానికి చాలా తక్కువ. పరీక్షకు రాని మనిషిని కూడా మురుగునీరు లెక్కలోకి తెస్తుంది. బడి తెరిచే నిర్ణయానికి ఇలాంటి సమాచారం ఎంతో విలువైనది.

రెండో ప్రశ్న: ఆసుపత్రుల్లో చోటు ఉందా?

కేసులు కొన్ని పెరిగినా, పెద్దవారికి పడక, ఆక్సిజన్ దొరికే స్థితి ఉంటే బడి నడపవచ్చు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఒక్క పడక కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. అలాంటి రోజుల్లో బడి ఆగక తప్పదు. ఆ ఉధృతి తగ్గిన వెంటనే తెరవడానికి మాత్రం తేదీ ముందే ఆలోచించి ఉండాలి.

మూడో ప్రశ్న: బడి గది ఎలా ఉంది?

మూసిన గదిలో దోమల చుట్ట వెలిగిస్తే ఏమవుతుంది? ఐదు నిమిషాల్లో మూలమూలకూ పొగ చేరుతుంది. కిటికీలు రెండు వైపులా తీస్తే పొగ నిలవదు. గాలి ద్వారా వ్యాపించే వైరస్ కూడా అలాంటిదే. ఇది అర్థం కాక బల్లలు, తలుపు గొళ్లేలు తుడవడానికి ఎంతో ఖర్చు పెట్టి, కిటికీలు మాత్రం మూసే ఉంచిన సంస్థలు చాలా ఉన్నాయి. మన అమీర్‌పేటలో అపార్టుమెంటులో నడిచే బడులు, సెల్లారులో ఏసీ గదిలో నడిచే కోచింగులు తక్కువేమీ కాదు. ఇలాంటి చోట ఆరడుగుల దూరం గీతలు గీసినా గాలి మాత్రం ఒక్కటే.

ఇజ్రాయెల్‌లో 2020 మేలో బడులు తెరిచిన కొద్ది రోజులకే ఎండలు ముదిరాయి. మాస్కులు తీయడానికి అనుమతిచ్చారు, ఏసీలు నడిపారు, గదులు కిక్కిరిసి ఉన్నాయి. జెరూసలేంలోని ఒక ఉన్నత పాఠశాలలో 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకింది. డెన్మార్క్ ఏప్రిల్ 15నే చిన్నపిల్లల బడులు తెరిచింది. అయితే పిల్లలను చిన్న చిన్న జట్లుగా విడదీసి, వీలైనంతసేపు ఆరుబయట ఉంచింది. తెరిచిన తేదీ కంటే తెరిచిన పద్ధతి ముఖ్యమని ఈ రెండూ చెబుతున్నాయి.

నాలుగో ప్రశ్న: ఇంట్లో ఎవరు ఉన్నారు?

బిడ్డ బడి నుంచి తిరిగివచ్చేది అమ్మమ్మ ఒడిలోకి. ఇంట్లో వృద్ధులు, డయాలిసిస్ మీద ఉన్నవారు, కేన్సరు చికిత్స తీసుకునేవారు ఉంటే ముందు వాళ్లకు టీకా, వాళ్లకు వేరే గది లేదా కనీసం వేరే మంచం, బిడ్డకు జలుబు ఉన్న రోజుల్లో మాస్కు అవసరం. బిడ్డను ఏడాది పాటు ఇంట్లో కూర్చోబెట్టడం కంటే పెద్దవారిని కాపాడుకోవడమే చాలా ఇళ్లలో తేలిక.

6. ఎవరు ముందు వెళ్లాలి?

2021 ఫిబ్రవరిలో 9, 10 తరగతులను ముందు పిలిచారు. బోర్డు పరీక్షలు ఉన్నాయి, పెద్దపిల్లలు మాస్కు సరిగా పెట్టుకుంటారు. ఈ కారణాలను కొట్టిపారేయలేం. కానీ ఆ ఏడాది ఏప్రిల్‌లో పదో తరగతి పరీక్షలు మళ్లీ రద్దయ్యాయి. ఆరేళ్ల పాప మాత్రం అక్షరాలు నేర్వవలసిన వయసులో ఇంట్లోనే ఉండిపోయింది.

చిన్నపిల్లలను ముందు పిలవడానికి బలమైన కారణాలున్నాయి. కరోనా వంటి వ్యాధిలో వాళ్లకు ప్రమాదం తక్కువ. ఫోనులో పాఠం వాళ్లకు ఎక్కదు. చదవడం రానివాడు పుస్తకం చూసి సొంతంగా నేర్చుకోలేడు. పైగా చిన్న బడి సాధారణంగా ఇంటికి నడిచివెళ్లే దూరంలో ఉంటుంది. అమీర్‌పేట కోచింగుకు వచ్చే విద్యార్థి మాత్రం బస్సులో, మెట్రోలో నగరం ఆ చివర నుంచి వస్తాడు. బడులు చివరగా మూయాలి, మొదటగా తెరవాలి అని యునిసెఫ్, యునెస్కో అధిపతులు 2021 జూలైలో ప్రపంచ దేశాలను కోరారు. మన దగ్గర హోటళ్లు, మాల్స్ తెరిచి నెలలు గడిచిన తర్వాత కూడా ఒకటో తరగతి గదికి తాళమే ఉంది. ఈ వరస మరోసారి రాకూడదు.

హాస్టళ్ల లెక్క వేరు. రాత్రంతా ఒకే గదిలో పడుకుని, ఒకే చోట తినేవారిలో ఒకరికి వస్తే చాలామందికి వస్తుంది. కాబట్టి పగటి బడులు ముందు, హాస్టళ్లు తర్వాత. హాస్టల్ నడిపేవారు జబ్బుపడినవారిని ఉంచడానికి మరుగుదొడ్డితో కూడిన ఒక గదిని ఖాళీగా ఉంచాలి. ఖాళీ చేయించడం పరిష్కారం కాదు.

7. తెరిచిన తర్వాత చేయవలసినవి

• కిటికీలు, తలుపులు తీసి ఉంచాలి. ఫ్యాను తిరగాలి. కిటికీ లేని గదిలో పాఠం పెట్టకూడదు. మేడపైన నీడ ఉంటే అక్కడ పెట్టవచ్చు.
• భోజనం ఒకే హాలులో అందరూ ఒక్కసారి కాకుండా, జట్లుగా ఆరుబయట తినాలి. మాస్కు తీసే సమయం అదే.
• ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కు అవసరం లేదు. ఊపిరి ఆడని ఇబ్బంది ఉన్న పిల్లలకు బలవంతంగా పెట్టవద్దు.
• ఉపాధ్యాయులు, ఆయాలు, బస్సు, ఆటో డ్రైవర్లు అందరూ టీకా వేయించుకోవాలి.
• జ్వరం ఉన్న బిడ్డను పంపవద్దు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే పంపవచ్చు. హాజరు పోతుందని బడివారు భయపెట్టకూడదు. హాజరుకు బహుమతులు ఇచ్చే అలవాటును ఆ రోజుల్లో మానుకోవాలి.
• ఒక గదిలో కేసు వస్తే ఆ జట్టును గమనించాలి, ఆ గదిని కొన్నాళ్లు ఆపాలి. బడి మొత్తానికి తాళం వేయడం చివరి మార్గం.
• జబ్బు వచ్చిన పిల్లవాడి పేరు నలుగురిలో చెప్పవద్దు. అవమానం జరిగితే తర్వాతివారు దాస్తారు. దాచిన జబ్బే ఎక్కువ పాకుతుంది.
• ప్రతి తరగతిలో మొదటి నెల పాత పాఠాలే చెప్పాలి. కోల్పోయిన చదువు పూడ్చకుండా కొత్త పాఠం ఎక్కిస్తే బిడ్డ బడికి వచ్చీ రానట్లే.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన గుర్తులు: వేగంగా లేదా కష్టంగా ఊపిరి తీయడం (ఏడాది దాటి ఐదేళ్లలోపు పిల్లల్లో నిమిషానికి 40 సార్లు, అంతకు మించి), పెదాలు నీలిరంగుకు తిరగడం, నీళ్లు కూడా తాగలేకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, మూడు రోజులు దాటినా వదలని జ్వరం. జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు.

8. గుర్తుంచుకోండి

ప్రమాదం సున్నా అయ్యాకే బిడ్డను పంపుతాం అంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. కరోనా ముందు కూడా బడికి వెళ్లే బిడ్డ పంజాగుట్ట చౌరస్తా దాటే వెళ్లేవాడు. అక్కడ ప్రమాదం లేదని మనం అనుకోలేదు. చేయి పట్టుకుని, సిగ్నల్ చూసి దాటించాం. బడి తెరిచే నిర్ణయమూ అలాంటిదే. వ్యాధి ఎంత, పడకలు ఎన్ని, గది ఎలాంటిది, ఇంట్లో ఎవరు అన్న నాలుగూ చూసుకుని, ముందు చిన్నపిల్లలను, తర్వాత పెద్దవారిని, ఆఖరున హాస్టళ్లను పిలవాలి. పరిస్థితి మారితే నిర్ణయం మార్చుకోవడం సిగ్గుపడవలసిన పని కాదు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ బిడ్డ చదివే గదికి ఎన్ని కిటికీలు ఉన్నాయి? అవి తెరుచుకుంటాయా? ఈ వారం వెళ్లి చూడండి.
2. మీ ప్రాంతంలో 500 మందికి పరీక్ష చేస్తే 35 మందికి పాజిటివ్ వచ్చింది. రేటు ఎంత? బడి తెరవడానికి ఇది సరిపోతుందా? ఇంకా ఏమేమి తెలుసుకోవాలి?
3. బడి మూస్తే మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లలు పగలంతా ఎక్కడ ఉంటారు? వారికి మీరు ఏ సాయం చేయగలరు?
4. మీ హాస్టల్‌లో లేదా అపార్టుమెంటులో ఒకరికి అంటువ్యాధి వస్తే ఉంచడానికి ఏ గది ఉంది? ఇప్పుడే నిర్ణయించి పెట్టుకోండి.

మీ బడి తల్లిదండ్రుల సమావేశంలో ఈ ప్రశ్నలు చదివి వినిపించండి. జవాబులు ఒక కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉంచండి. అవసరం వచ్చిన రోజున ఆ కాగితమే మీకు దారి చూపుతుంది.